‘రాశాను’ అంటే ఎక్కడ రాసినట్టు?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: సర్వర్ డిస్కులు, కంట్రోలర్లు, క్యాష్ మెమరీ

ఏప్రిల్, మే నెలలొస్తే కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పగలు ఎండ, సాయంత్రం గాలివాన, దాని వెంటే కరెంటు పోవడం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సర్వర్ డిస్కుల మీదే ఉన్నాయి. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాం. ముందు మూడు మాటలు: కొన్ని డిస్కులను ఒకటిగా కలిపి వాడడం రెయిడ్, ఆ డిస్కులను నడిపేది కంట్రోలర్ కార్డు, డిస్కుకు చేరేముందు డేటా ఆగే వేగమైన మెమరీ క్యాష్.

ప్రశ్న: మాది ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు. లెక్కల సర్వర్లో 2 టీబీ ఎస్‌ఏఎస్ (సర్వర్ రకం) డిస్కులు నాలుగు రెయిడ్ 5లో ఉన్నాయి. కంట్రోలర్ కార్డుకు 1 జీబీ క్యాష్ మెమరీ ఉంది. నాలుగేళ్లు బాగా నడిచింది. మూడు వారాలుగా ఒక్కో వోచర్ సేవ్ కావడానికి ఐదారు సెకన్లు పడుతోంది. పాత పద్దులు తెరిచి చూడడం మాత్రం మామూలుగానే ఉంది. అమ్మినవాళ్లు ఎస్‌ఎస్‌డీలు వేయించుకోమంటున్నారు. తెలిసినాయన ఒకరు కంట్రోలర్లో ‘ఆల్వేస్ రైట్ బ్యాక్’ పెడితే సరిపోతుందంటున్నారు. ఏది చెయ్యాలి?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: రెండూ వద్దు. ముందు కార్డు మీద ఉన్న బ్యాటరీని చూడండి. చదవడం మామూలుగా ఉండి, రాయడం ఒక్కటే ఉన్నట్టుండి మందగించిందంటే పదింట తొమ్మిదిసార్లు కారణం అదే.

మీ కార్డులోని 1 జీబీ క్యాష్‌ను మిల్లులో రోజు పద్దులు వేసుకునే చిట్టా అనుకోండి, డిస్కును అసలు ఖాతా పుస్తకమైన ఆవర్జా అనుకోండి. సర్వర్ ఒక పద్దు పంపగానే కంట్రోలర్ దాన్ని చిట్టాలో వేసుకుని ‘రాశాను’ అని వెంటనే జవాబిస్తుంది. తీరిక చూసుకుని ఆవర్జాకు ఎక్కిస్తుంది. ఇది రైట్ బ్యాక్ పద్ధతి. ఆవర్జాలో ఎక్కేదాకా ‘రాశాను’ అని చెప్పకపోవడం రైట్ త్రూ. చిట్టా ఉన్నది కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలో. అందుకే కార్డుకు బ్యాటరీ ఇస్తారు. బ్యాటరీ బలహీనపడిందని తెలిసిన మరుక్షణం కంట్రోలర్ తనంతట తానే రైట్ త్రూకు మారిపోతుంది. మీకు కనిపిస్తున్న నిదానం అదే. కార్డు చెడిపోలేదు, మీ లెక్కలను కాపాడుతోంది.

ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడండి. మీవి 7,200 ఆర్‌పీఎం డిస్కులైతే సెకనుకు 120 చుట్లు, చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు. తల కదలడానికీ, సగం చుట్టు తిరగడానికీ కలిపి ఒక్కో పనికి దాదాపు 12 మిల్లీసెకన్లు, అంటే డిస్కుకు సెకనుకు 80 పనులు. నాలుగింటికి 320. రెయిడ్ 5లో ఒక చిన్న రాతకు పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ (ఒక డిస్కు పోతే అందులోది తిరిగి లెక్కగట్టడానికి ఉంచే అదనపు సమాచారం) చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త ప్యారిటీ రాయాలి. మొత్తం నాలుగు పనులు. కాబట్టి మీ సర్వర్ మొత్తానికి సెకనుకు మిగిలేవి 80 చిన్న రాతలే. ఒక వోచర్ సేవ్ చేస్తే ఫైలులో, ఇండెక్సుల్లో, ఫైల్ సిస్టమ్ జర్నల్లో (మార్పులను ముందుగా గుర్తు పెట్టుకునే చోట) కలిపి కొన్ని వందల చిన్న రాతలు పడొచ్చు. మీరన్న ఐదారు సెకన్లకు ఇది సరిపోతుంది. బ్యాటరీ బాగున్నప్పుడు ఈ రాతలన్నీ ముందు క్యాష్‌లో పడేవి, ఒక్కోదానికి మిల్లీసెకను కూడా పట్టేది కాదు.

మెగారెయిడ్ కుటుంబం కార్డయితే స్టోర్‌సీఎల్‌ఐ, డెల్ పెర్క్ అయితే పెర్క్‌సీఎల్‌ఐ, హెచ్‌పీఈ స్మార్ట్ అర్రే అయితే ఎస్‌ఎస్‌ఏసీఎల్‌ఐ అనే ఉపకరణంలో బ్యాటరీ స్థితి అడగండి. ‘ఆప్టిమల్’ లేదా ‘ఓకే’ అని వస్తే బాగున్నట్టు. ‘డిగ్రేడెడ్’, ‘ఫెయిల్డ్’, ‘రీప్లేస్’ అని వస్తే మార్చాల్సిందే. పాత మెగాసీఎల్‌ఐలో ‘డిఫాల్ట్ క్యాష్ పాలసీ’, ‘కరెంట్ క్యాష్ పాలసీ’ అని రెండు వరుసలు పక్కపక్కనే వస్తాయి. మొదటిది మీరు అడిగింది, రెండోది ఇప్పుడు నిజంగా నడుస్తున్నది. మొదటి వరుసలో రైట్ బ్యాక్, రెండో వరుసలో రైట్ త్రూ ఉంటే మీ సమస్య తేలిపోయినట్టే. సెట్టింగుల తెరలో ‘రైట్ బ్యాక్’ అని చూసి, అంతా బాగుందనుకుని చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు.

ఒక మినహాయింపు ఉంది. పాత లిథియం బ్యాటరీ కార్డులు కొన్ని నెలలకొకసారి బ్యాటరీని పూర్తిగా దించి, మళ్లీ నింపి దాని సామర్థ్యం కొలుచుకుంటాయి. దీన్ని ‘లెర్న్ సైకిల్’ అంటారు. ఆ కొద్ది గంటలూ రైట్ త్రూలో ఉంటాయి. ఒక రోజులో సర్దుకుంటే బ్యాటరీ మార్చక్కర్లేదు, ఆ సైకిల్ రాత్రిపూట జరిగేలా వేళ మార్చుకుంటే చాలు. మీది మూడు వారాల మాట కాబట్టి ఆ కోవలోకి రాదు.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాని లేబుల్ మీది పార్ట్ నంబరు రాసుకుని అదే అడగండి. దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్నది తీసుకోవద్దు. లిథియం బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేయండి, అప్పుడే క్యాష్‌లో మిగిలింది డిస్కులకు చేరుతుంది. ఆ తర్వాత రెండు పవర్ కార్డులూ పీకి బ్యాటరీ మార్చండి. ఆన్ చేసిన వెంటనే వేగం రాదు. బ్యాటరీ నిండడానికి కొన్ని గంటలు పడుతుంది. నిండాక రైట్ బ్యాక్ దానంతట అదే తిరిగొస్తుంది.

ఇక ‘ఆల్వేస్ రైట్ బ్యాక్’. డెల్‌లో దాని పేరు ‘ఫోర్స్ రైట్ బ్యాక్’, హెచ్‌పీఈలో ‘నో బ్యాటరీ రైట్ క్యాష్’. పేరేదైనా అర్థం ఒక్కటే: బ్యాటరీ లేకపోయినా ఉన్నట్టే నటించు. కరెంటు పోయిన క్షణాన క్యాష్‌లో ఉన్నది మొత్తం పోతుంది. పోయేది ఆఖరి వోచర్ ఒక్కటే అయితే మళ్లీ కొట్టుకోవచ్చు. కానీ ఫైల్ సిస్టమ్ జర్నల్ డిస్కు మీద పడిందన్న నమ్మకంతో ఆ తర్వాతి రాతలు జరిగి ఉంటాయి. వాటిలో కొన్ని పడి, కొన్ని పడకపోతే నిన్నటి, మొన్నటి పద్దులున్న పేజీలు కూడా చెడతాయి. సీజన్ మధ్యలో వేగం కోసం రెండు రోజులు పెట్టుకుందామన్న ఆలోచన కూడా వద్దు. ఆ రెండు రోజులూ నిదానంగా పని చేసుకోవడమే నయం.

ఇంకో మాట. పాత బ్యాటరీ కార్డులు మెమరీని కరెంటు లేకుండా గరిష్ఠంగా 72 గంటలు బతికించేలా చేసినవి, అదీ బ్యాటరీ కొత్తగా ఉంటేనే. గాలివానకు స్తంభాలు పడి నాలుగు రోజులు కరెంటు రాకపోతే ఆ లెక్క దాటిపోతుంది. కొత్త కార్డుల్లో సూపర్ కెపాసిటర్, ఫ్లాష్ చిప్ కలిసి వస్తాయి. కరెంటు పోగానే క్యాష్‌లో ఉన్నది ఫ్లాష్‌లోకి దిగిపోతుంది, ఆ తర్వాత కరెంటు వారం రోజులు రాకపోయినా పరవాలేదు. ఎండలు ఎక్కువైన మన ఊళ్లలో కొత్తగా కార్డు కొనేవాళ్లు ఈ రకమే అడగాలి. లిథియం బ్యాటరీలు వేడికి త్వరగా బలహీనపడతాయి.

ప్రశ్న: అనంతపురంలో రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతున్నాం. రిపోర్టుల సర్వర్ విండోస్ మీద, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. రెండు మామూలు ఎస్‌ఎస్‌డీలను మదర్‌బోర్డులోని రెయిడ్‌తో మిర్రర్ చేశాం. మొన్న కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కూడా నిలవలేదు. తిరిగి ఆన్ చేస్తే చివర సేవ్ చేసిన కొన్ని రిపోర్టులు లేవు, ఒక ఇండెక్స్ చెడిపోయింది. రెండు కాపీలుండగా ఎలా పోతాయి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, మిర్రర్ కాపాడేది ఒక డిస్కు చచ్చిపోయినప్పుడు. కరెంటు పోతే రెండు డిస్కులకూ ఒకే క్షణంలో పోతుంది. రెండింటి లోపలి క్యాష్‌లూ కలిసే ఖాళీ అవుతాయి.

ప్రతి డిస్కు లోపలా సొంతంగా కొంత మెమరీ ఉంటుంది. మామూలు ఎస్‌ఎస్‌డీ అందులో మీ డేటానే కాదు, ఏ బ్లాకు ఏ ఫ్లాష్ చిప్‌లో ఉందో చెప్పే పట్టికను కూడా ఉంచుకుంటుంది. ఆ పట్టిక సగంలో ఆగితే ఎప్పుడో రాసిన బ్లాకులు కూడా తప్పుచోట కనబడొచ్చు. మీ ఇండెక్స్ అలా చెడిపోయి ఉండవచ్చు. సర్వర్ కోసం చేసిన ఎస్‌ఎస్‌డీల్లో బోర్డు మీద వరుసగా కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు తెగాక అవి ఇచ్చే కొన్ని మిల్లీసెకన్ల శక్తితో చేతిలో ఉన్నదంతా ఫ్లాష్‌లో రాసేసి ఆగుతాయి. డేటాషీట్‌లో ‘పవర్ లాస్ ప్రొటెక్షన్’ అన్న మాట, అదీ ‘డేటా ఇన్ ఫ్లైట్’కు వర్తిస్తుందన్న వివరణ ఉంటేనే కొనండి. ‘డేటా ఎట్ రెస్ట్’కు మాత్రమే అని ఉంటే అది సగం రక్షణే: అంతకుముందు రాసినదాన్ని కాపాడుతుంది, ఇప్పుడు చేతిలో ఉన్నదాన్ని కాదు. మదర్‌బోర్డు రెయిడ్‌కు బ్యాటరీ ఉండదు కాబట్టి ఈ భారమంతా డిస్కు మీదే పడుతుంది.

ఈలోగా ఒకటి చూడండి. డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్ తెరిచి, డిస్కు ప్రాపర్టీస్‌లో పాలసీస్ అన్న ట్యాబ్‌కు వెళ్లండి. రెండు టిక్కులుంటాయి. మొదటిది డివైస్ రైట్ క్యాషింగ్‌ను ఆన్ చేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ‘వాల్ సింక్ మెథడ్’ సెట్టింగు ‘ఎఫ్‌సింక్’ అని ఉంటేనే ఇది ఉండొచ్చు. ఎందుకంటే అప్పుడు పోస్ట్‌గ్రెస్ ప్రతి కమిట్‌కూ (మార్పు ఖాయమైన ప్రతిసారీ) ‘ఉన్నదంతా దించు’ అని ఫ్లష్ ఆదేశం పంపుతుంది, విండోస్ దాన్ని డిస్కు దాకా తీసుకెళుతుంది. విండోస్‌లో మామూలుగా ఉండే ‘ఓపెన్ డేటాసింక్’ అయితే ఆ హామీ లేదు, ఈ టిక్కు తీసేయండి. రెండో టిక్కు ఆ ఫ్లషింగ్‌నే ఆపేస్తుంది. అది పెట్టి ఉంటే ఇప్పుడే తీసేయండి. వేగం పెంచే చిట్కా అని ఎవరైనా పెట్టి ఉండొచ్చు. డిస్కుకు సొంత బ్యాటరీ లేకుండా దాన్ని పెట్టకూడదని విండోస్ ఆ వరుస కిందే హెచ్చరిస్తుంది.

పోస్ట్‌గ్రెస్ సెట్టింగుల్లో ‘ఎఫ్‌సింక్’ (రాసినది డిస్కుకు దించమనడం), ‘ఫుల్ పేజ్ రైట్స్’ (పేజీ రాత సగంలో తెగినా సరిచేసుకునేలా మొత్తం పేజీని లాగ్‌లో ఉంచడం) రెండూ ఆన్‌లోనే ఉండాలి. వేగం తప్పనిసరైతే నిజాయతీగా దొరికే దారి ఒకటుంది: ‘సింక్రనస్ కమిట్’ను (లాగ్ డిస్కుకు చేరాకే ‘రాశాను’ అనడాన్ని) ఆఫ్ చేయడం. అప్పుడు కరెంటు పోతే ‘వాల్ రైటర్ డిలే’ (లాగ్‌ను డిస్కుకు దించే వ్యవధి) విలువకు మూడింతలు, అంటే మామూలు సెట్టింగులో 0.6 సెకన్లలోపు కమిట్లు పోవచ్చు, కానీ డేటాబేస్ చెడదు. ఎఫ్‌సింక్ ఆపితే అలాంటి హామీ ఏదీ మిగలదు. రోగి రిపోర్టు విషయంలో మాత్రం ఆ 0.6 సెకన్లు కూడా వదులుకోవద్దని మా సలహా.

మీ డిస్కు నిజం చెబుతోందో లేదో కనిపెట్టే ఒక లెక్క ఉంది. పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే ‘పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్’ నడపండి. 7,200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు 120 సార్లే తిరుగుతుంది కాబట్టి, ఒకే చోట వరుసగా జరిగే ఎఫ్‌సింక్‌లు సెకనుకు అంతకు మించి రాకూడదు. బ్యాటరీ ఉన్న కంట్రోలర్ లేని అలాంటి డిస్కు మీద సెకనుకు కొన్ని వేలు చూపిస్తే, మధ్యలో ఎవరో ‘రాశాను’ అని అబద్ధం చెబుతున్నారు. ఎస్‌ఎస్‌డీల విషయంలో ఈ అంకె తేల్చదు. వాటికి ప్లగ్గు పీకి చూడడమే పరీక్ష. ఆ పద్ధతి ఆఖరి జవాబులో ఉంది.

యూపీఎస్ ఉన్నా ఈ జాగ్రత్తలన్నీ ఎందుకంటే, సర్వర్ లోపలి పవర్ సప్లయ్ కాలిపోతే యూపీఎస్ ఏమీ చేయలేదు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు దాదాపు సగమవుతుంది. ఏసీ లేని మూల గదిలో, మన మే నెల ఎండలకు, మూడేళ్లు వస్తుందన్న బ్యాటరీ ఏడాదికే చేతులెత్తేస్తుంది. ఆరు నెలలకొకసారి గోడ ప్లగ్గు తీసి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూసుకోండి. యూపీఎస్‌ను యూఎస్‌బీతో సర్వర్‌కు కలిపి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను షట్‌డౌన్ అయ్యేలా కూడా పెట్టండి. చాలా చోట్ల ఆ కేబుల్ పెట్టెలోంచి కూడా బయటికి రాదు.

ప్రశ్న: లినక్స్‌లో హెచ్‌డీపార్మ్ అనే ఉపకరణంతో డిస్కు క్యాష్ ఆపుతున్నాను. రీబూట్ చేస్తే మళ్లీ ఆన్ అవుతోంది. రెయిడ్ కార్డు వెనకాల ఉన్న డిస్కుల మీద అయితే ఆదేశమే పనిచేయడం లేదు.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: చాలా సాటా డిస్కులు కరెంటు పోగానే ఆ సెట్టింగు మరచిపోతాయి. డెబియన్, ఉబుంటుల్లో ఈటీసీ డైరెక్టరీలోని హెచ్‌డీపార్మ్ కాన్ఫ్ ఫైలులో ఆ డిస్కు పేరిట ‘రైట్ క్యాష్ ఆఫ్’ అని రాస్తే ప్రతి బూట్‌లో పడుతుంది. డిస్కును ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న అక్షరాలతో కాక బై-ఐడీ దారితో (డిస్కు సొంత గుర్తింపుతో ఉండే పేరుతో) రాయండి, అక్షరాలు మారిపోతుంటాయి. ఎస్‌ఏఎస్ డిస్కులకు ఎస్‌డీపార్మ్ వాడి ‘డబ్ల్యూసీఈ’ బిట్‌ను (రైట్ క్యాష్ ఆన్ అని చెప్పే గుర్తును) చెరిపి, ‘సేవ్’ జోడించండి. అది డిస్కులోనే నిలిచిపోతుంది.

రెయిడ్ కార్డు వెనకాల డిస్కులు లినక్స్‌కు నేరుగా కనబడవు, అందుకే ఆదేశం చేరడం లేదు. అక్కడ కంట్రోలర్ ఉపకరణంలోనే ‘డిస్క్ క్యాష్ పాలసీ’ని డిసేబుల్ చేయాలి. అసలు ప్రమాదం అక్కడే ఉంది. బ్యాటరీ ఉన్న కంట్రోలర్ తన క్యాష్‌లోది డిస్కుకు పంపి, డిస్కు ‘రాశాను’ అనగానే తన కాపీని వదిలేస్తుంది. డిస్కు ఆ మాటను తన సొంత మెమరీని నమ్ముకుని చెప్పి ఉంటే, కార్డు మీద ఎంత ఖరీదైన బ్యాటరీ ఉన్నా ఆ డేటాకు దిక్కులేదు. కార్డు క్యాష్ ఆన్, డిస్కు క్యాష్ ఆఫ్. హార్డ్ డిస్కుల విషయంలో ఈ జోడీని మార్చకండి.

కార్డు లేకుండా నేరుగా తగిలించిన డిస్కులకు మాత్రం క్యాష్ ఆపడం తప్పనిసరి కాదు. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లైన ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండూ అవసరమైన చోట ఫ్లష్ పంపుతాయి. మౌంట్ ఆప్షన్లలో ఆ ఫ్లష్‌లను ఆపే ‘నోబ్యారియర్’ ఎవరైనా పెట్టి ఉంటే తీసేయండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే 4.19 కెర్నల్ నుంచి ఆ ఆప్షన్‌నే తొలగించింది.

ప్రశ్న: వర్చువల్ మెషీన్ల సర్వర్లో డిస్క్ క్యాష్ మోడ్ ‘అన్‌సేఫ్’ పెట్టగానే వేగం ఎన్నో రెట్లు పెరిగింది. ఉంచుకోవచ్చా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: వద్దు. ఆ పేరు హెచ్చరిక కోసమే పెట్టారు. ఆ మోడ్‌లో లోపలి మెషీన్ పంపే ఫ్లష్‌లను క్యూఈఎంయూ (వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రామ్) పట్టించుకోదు. మీకు కనబడిన వేగమంతా అక్కడిదే. ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసే అరగంట వాడుకుని, అయ్యాక ‘నన్’కు మార్చండి. ‘నన్’ అంటే రక్షణ లేదని కాదు. హోస్ట్ (అసలు సర్వర్) మెమరీని పక్కనపెట్టి రాతలను, ఫ్లష్‌లను నేరుగా డిస్కుకు పంపడం. ‘రైట్ బ్యాక్’ మోడ్ కూడా ఫ్లష్‌లను గౌరవిస్తుంది, కానీ ఫ్లష్ పంపడం తెలియని పాత ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉంటే నష్టం.

ప్రశ్న: కర్నూలులోని మా డిగ్రీ కళాశాల ల్యాబ్‌కు పాత సర్వర్ ఒకటి వచ్చింది. దాని మీద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వేద్దామనుకుంటున్నాం. అందులోని రెయిడ్ కార్డులో ఒక్కో డిస్కునూ విడిగా రెయిడ్ 0గా (కాపీ, ప్యారిటీ లేని అమరికగా) చేసి ఇవ్వవచ్చా?
– ఒక అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: పనిచేస్తుంది, కానీ ఆ దారి పట్టకండి. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) పెట్టుకుని, తప్పు దొరికితే రెండో కాపీతో దిద్దుకుంటుంది. అందుకు డిస్కుతో నేరుగా మాట్లాడాలి. మధ్యలో రెయిడ్ కార్డు ఉంటే డిస్కు ఆరోగ్య సమాచారం సరిగా అందదు, తప్పులు కార్డు దగ్గరే ఆగిపోతాయి. కార్డు కాలిపోతే అదే కుటుంబం కార్డు దొరికేదాకా డిస్కులు చదవడం కూడా కష్టం, ఎందుకంటే ప్రతి డిస్కు చివర కార్డు తన సొంత గుర్తులు రాసుకుని ఉంటుంది.

కార్డుకు ‘హెచ్‌బీఏ మోడ్’ (డిస్కులను నేరుగా చూపే అమరిక) ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే ఎల్‌ఎస్‌ఐ ఎస్‌ఏఎస్2008 చిప్ ఉన్న పాత కార్డుల్లో చాలావాటికి ఫర్మ్‌వేర్ మార్చి ‘ఐటీ మోడ్’లోకి తేవచ్చు. లేదా 9300-8ఐ లాంటి హెచ్‌బీఏ కార్డు విడిగా తెచ్చుకోవచ్చు. ఒక్కటి గమనించండి: ఈ కార్డుల హీట్‌సింక్ సర్వర్ పెట్టెలోని గట్టి గాలి ప్రవాహం కోసం చేసినది. మామూలు డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో పెడితే ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. అప్పుడు డిస్కులన్నీ ఒకేసారి తప్పులు చూపిస్తాయి, నేరం డిస్కుల మీద పడుతుంది. హీట్‌సింక్ మీదికి 40 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి బిగించండి.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో వేగం కోసం ‘సింక్ డిసేబుల్డ్’ పెట్టడం ఇందాకటి ‘అన్‌సేఫ్’ లాంటిదే. దానివల్ల పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ కలిపిన డిస్కుల సమూహం) చెడదు, కానీ చివరి కొన్ని సెకన్ల రాతలు పోతాయి. వాటిని నమ్ముకున్న డేటాబేస్‌కు అది చాలు నష్టం. వేగం కావాలంటే ‘స్లాగ్’ అనే విడి లాగ్ డిస్కు పెట్టుకోండి. అది కూడా కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీ అయి తీరాలి. దాని మీద పడేది కొన్ని సెకన్ల రాతలే కాబట్టి 16 జీబీ కూడా ఎక్కువే.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మా ఆఫీసు ఫైల్ సర్వర్లో 4 టీబీ డెస్క్‌టాప్ డిస్కులు నాలుగు, లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5. రెండు నెలలకొకసారి ఏదో ఒక డిస్కు రెయిడ్‌లోంచి బయటపడుతోంది. తీసి పరీక్షిస్తే బాగానే ఉందంటారు. మళ్లీ చేర్చుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: డిస్కు మొండితనానికీ లినక్స్ ఓపికకూ మధ్య కుదరకపోవడం ఇది. చదవడానికి వీలుకాని సెక్టార్ (డిస్కు మీది చిన్న గడి) తగిలితే డెస్క్‌టాప్ డిస్కు ఒకటి రెండు నిమిషాల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒంటరిగా ఉన్న డిస్కుకు అది మంచి గుణమే. కానీ లినక్స్ 30 సెకన్లు చూసి, జవాబు రాలేదని డిస్కును రీసెట్ చేస్తుంది. అప్పటికీ పలకకపోతే రెయిడ్ దాన్ని బయటికి తోసేస్తుంది. రెయిడ్ కోసం చేసిన డిస్కులు 7 సెకన్లకే ‘చదవలేను’ అని ఒప్పుకుంటాయి. రెయిడ్ ఆ ముక్కను మిగతా డిస్కులతో లెక్కగట్టి మళ్లీ రాసేస్తుంది. సమస్య అక్కడితో తీరిపోతుంది.

స్మార్ట్‌సీటీఎల్ అనే ఉపకరణంతో ప్రతి డిస్కునూ ‘ఎస్‌సీటీ ఈఆర్‌సీ’ (తప్పు తగిలితే ఎంతసేపు ప్రయత్నించాలన్న హద్దు) గురించి అడగండి. మద్దతు ఉంటే చదవడానికి 70, రాయడానికి 70 పెట్టండి. ఇవి సెకనులో పదో వంతులు, అంటే 7 సెకన్లు. ఇదీ కరెంటు పోగానే పోతుంది కాబట్టి బూట్ స్క్రిప్టులో పెట్టండి. మద్దతు లేకపోతే లినక్స్ ఓపికనే పెంచాలి: ప్రతి డిస్కు డివైస్ టైమౌట్‌ను 30 నుంచి 180 సెకన్లకు మార్చండి. అప్పుడప్పుడు సర్వర్ రెండు నిమిషాలు బిగుసుకుపోతుంది, కానీ డిస్కు బయటపడదు.

బయటపడ్డ డిస్కును ఊరికే మళ్లీ చేర్చుకోవడం మాత్రం ఆపండి. చేర్చిన ప్రతిసారీ మిగిలిన మూడు డిస్కులనూ చివరిదాకా చదవాలి, అంటే 12 టీబీ. డెస్క్‌టాప్ డిస్కుల డేటాషీట్‌లో రాసే తప్పుల హద్దు 10 టు ది పవర్ 14 బిట్లకు ఒకటి, అంటే 12.5 టీబీకి ఒకటి. నిజానికి డిస్కులు అంతకంటే మెరుగ్గానే నడుస్తాయి, అయినా ఇంత దగ్గరగా ఆడకూడదు. ఆ మధ్యలో రెండో డిస్కు మీద ఒక సెక్టార్ చదవలేకపోతే రెయిడ్ 5 దగ్గర మరో ఆధారం లేదు. ఈ సైజు డిస్కులకు రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 గానీ, ప్రతి డిస్కుకూ జంట కాపీ ఉండే రెయిడ్ 10 గానీ సరైనది. నెలకొకసారి మొత్తం రెయిడ్‌ను చదివి సరిచూసే పని డెబియన్‌లో నెల మొదటి ఆదివారం దానంతట అదే జరుగుతుంది. ఎవరైనా ఆపి ఉంటే తిరిగి పెట్టండి.

డిస్కుల మోడల్ నంబరు డేటాషీట్‌లో ‘ఎస్‌ఎంఆర్’ అని ఉందేమో కూడా చూడండి. వాటిలో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. రీబిల్డ్ (డిస్కును మళ్లీ నింపడం) అప్పుడు గంటల తరబడి వరుసగా రాయాల్సి వచ్చి అవి మూగబోతాయి. అలాంటివైతే ఏ సెట్టింగూ ఆదుకోదు, డిస్కులు మార్చాల్సిందే. ప్రతిసారీ బయటపడేది ఒకే స్లాటులోని డిస్కయితే మాత్రం డిస్కును కాదు, సాటా కేబుల్‌ను మార్చి చూడండి.

ప్రశ్న: కడపలో మా పరపతి సంఘానికి కొత్త సర్వర్ వచ్చింది. బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డు, డిస్కులు ఆరు. డేటా ఎక్కించేముందు ఏమేం పరీక్షించి తీసుకోవాలి?
– ఒక కార్యదర్శి, కడప

జవాబు: డేటా ఎక్కాక చేయలేని పరీక్షలు ముందు. రెండు రోజులు అడిగి పెట్టుకోండి.

బ్యాటరీ నిండేదాకా ఆగి, ‘కరెంట్ పాలసీ’ రైట్ బ్యాక్ అని, డిస్క్ క్యాష్ డిసేబుల్ అని రూఢి చేసుకోండి. ఆ తర్వాత డిస్క్‌చెకర్ అనే చిన్న పెర్ల్ ప్రోగ్రామ్ తెచ్చుకోండి. దానికి రెండు మెషీన్లు కావాలి. సర్వర్ ఒక ఫైలులో రాసి, డిస్కు ‘రాశాను’ అన్న ప్రతి బ్లాకు సంగతీ నెట్‌వర్క్ మీద రెండో మెషీన్‌కు చెబుతుంది. రెండో మెషీన్ ఆ లెక్క పెట్టుకుంటుంది. అది వేరే ప్లగ్గు మీద నడిచే ల్యాప్‌టాప్ అయితే మంచిది. రాతలు జోరుగా సాగుతున్నప్పుడు సర్వర్ వెనక ఉన్న రెండు పవర్ కార్డులూ ఒకేసారి పీకేయండి. పవర్ బటన్ నొక్కడం, రీసెట్ చేయడం ఇందుకు సరిపోవు. బటన్ నొక్కితే సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ కావొచ్చు, రీసెట్‌లో డిస్కులకు కరెంటు తెగదు, పరీక్ష ఊరికే పాసయిపోతుంది. ఒకసారి పీకాక ఒక నిమిషానికి, ఇంకోసారి గంటకు, మరోసారి రాత్రంతా ఉంచి పొద్దున ఆన్ చేయండి. రాత్రంతా ఉంచినప్పుడే బ్యాటరీ సంగతి తెలుస్తుంది. బూట్ అయ్యేటప్పుడు కంట్రోలర్ క్యాష్‌లో మిగిలినదాన్ని డిస్కులకు ఎక్కించినట్టు లాగ్‌లో రాస్తుంది. ఆ తర్వాత రెండో మెషీన్ లెక్కతో సరిచూస్తే తప్పులు సున్నా రావాలి. ఒక్కటి వచ్చినా సర్వర్‌ను తీసుకోవద్దు. ముందు డిస్క్ క్యాష్ ఎక్కడో ఆన్‌లో ఉందేమో అడగండి, ఎక్కువసార్లు దోషం అక్కడే దొరుకుతుంది.

మర్నాడు నడుస్తుండగానే ఒక డిస్కును లాగేయండి. కార్డు బీప్ వినబడాలి, మీ ఫోనుకో మెయిలుకో హెచ్చరిక రావాలి. బీప్ చిరాకని శాశ్వతంగా ఆపేసిన సర్వర్లలోనే ఒక డిస్కు పోయిన సంగతి రెండోది పోయాక తెలుస్తుంది. డిస్కును తిరిగి పెట్టి, రీబిల్డ్‌కు ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఆరింటిలో ఒకదాన్ని హాట్ స్పేర్‌గా (ఏదైనా చెడితే వెంటనే దాని స్థానంలోకి వచ్చే అదనపు డిస్కుగా) ఉంచాలా అని మీరు అడగలేదు గానీ, రెండు గంటల్లో మనిషి రాలేని చోట ఉంచడమే మేలు. ప్యాట్రోల్ రీడ్‌ను (కార్డు డిస్కులన్నీ చదివి చెడ్డ చోట్లు వెతికే పనిని) వారానికొకసారి, అంటే 168 గంటలకు పెట్టి, వేళను ఆదివారం రాత్రికి మార్చుకోండి.

చివరగా ప్రతి డిస్కు ట్రే మీద స్లాట్ నంబరు, సీరియల్ నంబరులోని చివరి నాలుగు అక్షరాలు రాసి అంటించండి. కార్డు బ్యాటరీ వేసిన తేదీ, ఫర్మ్‌వేర్ వెర్షన్, రెయిడ్ అమరిక ఒక కాగితం మీద రాసి పెట్టె తలుపు లోపలి వైపు అంటించండి. ఒక డిస్కు పోయిన హడావుడిలో పక్కనున్న మంచి డిస్కును లాగితే రెయిడ్ 5 అప్పటికప్పుడు కూలిపోతుంది. అందుకే మార్చేముందు కంట్రోలర్ ఉపకరణంలో ‘లొకేట్’ నొక్కండి, దీపం మిణుకుమనే ట్రేను చూడండి, దాని మీది నంబరు తెర మీది నంబరుతో సరిపోతేనే చెయ్యి వెయ్యండి.